కొవ్వును పలికించు కాంతి
(కాంతిధ్వని చిత్రణమున లేజరుల ఎంపికను గూర్చి)

గుండెపోటునకు గురియైన వారి రక్తనాళములను పరిశీలించిన వైద్యులు ఒక విచిత్రమును గమనించిరి. ప్రాణము మీదికి తెచ్చిన చోటు అన్నివేళల మిక్కిలి ఇరుకైన చోటు కాదు. నాళము సగము కూడ మూసుకొనని తావున, గోడ లోపల దాగియున్న మెత్తని కొవ్వుముద్దపై గల పలుచని పొర చినుగును. లోపలి పదార్థము రక్తమునకు తగులును. రక్తము గడ్డకట్టి దారిని మూసివేయును. అంతవరకు ఆ మనిషి ఏ బాధయు లేక తిరుగుచు ఉండవచ్చును. ఆ పైపొర మందము 65 మైక్రోమీటర్ల కంటె తక్కువైనచో దానిని ప్రమాదకరమైనదిగా శాస్త్రజ్ఞులు ఎంచుచున్నారు. అది ఇంచుమించు ఒక తలవెంట్రుక మందము.

ఆంజియోగ్రాము అను ఎక్స్‌రే చిత్రము రక్తము ప్రవహించు దారి వెడల్పును చక్కగా చూపును గాని, గోడలో ఏమున్నదో చూపజాలదు. కాలువలో నీరు ఎంత వెడల్పున పారుచున్నదో చూచి, గట్టు లోపల ఎలుకబొక్క ఉన్నదో లేదో చెప్పగలమా? ఇదియు అట్టిదే. వైద్యునికి కావలసిన సమాధానములు రెండు. గోడలో ఉన్నది కొవ్వేనా? ఉన్నచో ఎంత లోతున ఉన్నది? ఈ రెండింటికిని ఒకేసారి, శరీరములోనికి ఏ రంగుమందును ఎక్కింపకుండ సమాధానము చెప్పగల పద్ధతి కాంతిధ్వని చిత్రణము. ఆ పద్ధతికి ప్రాణము లేజరు. ఎట్టి లేజరు కావలెను అనునదే ఈ వ్యాసమున మేము చర్చింపబూనిన విషయము.

మేము తెలుగు బోధించువారము. అయినను విజ్ఞానశాస్త్ర శాఖల విద్యార్థులకు వలెనే సాహిత్య విద్యార్థులకును ఈ విషయము అందవలెనను కోరికతో, గణితమును వీలైనంత తగ్గించి, పోలికలను చేర్చి దీనిని వ్రాయుచున్నాము.

వెలుతురు ధ్వనియగుట

కాంతి తగిలిన వస్తువు ధ్వని చేయుననునది కొత్త సంగతి కాదు. టెలిఫోను నిర్మాతగా మనమెరిగిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లో తన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్‌తో కూడి దీనిని కనుగొనెను. చుట్టును రంధ్రములున్న పళ్లెమును త్రిప్పుచు, దాని గుండ సూర్యకాంతిని ముక్కలు ముక్కలుగా ఒక పలుచని బిళ్లపై పడనిచ్చినప్పుడు ఆ బిళ్ల నుండి స్వరము వినవచ్చెను. పళ్లెము వేగము పెరిగినకొలది స్వరము హెచ్చెను. దీపపు మసి పూసిన తలములు మిక్కిలి గట్టిగా పలికెనని కూడ ఆయన గమనించెను. నల్లని మసి కాంతిని ఎక్కువగా పీల్చుకొనును గదా! అయితే ఆనాడు బెల్‌కు లభించిన కాంతి సూర్యుని వెలుతురే. మెత్తని కండలో లోతుగా ఉన్న పదార్థమును పలికింపవలెనన్న అంతకంటె ఎన్నో రెట్లు తీవ్రమైన, ఎన్నో రెట్లు క్షణికమైన వెలుగు కావలెను. అందువలన ఈ సూత్రము సజీవ శరీరభాగముల చిత్రణమునకు ఉపయోగపడుట 1990ల దశకములో గాని ఊపందుకొనలేదు.

ఇందలి కీలకమును తెలిసికొనుటకు మనకు ప్రయోగశాల కూడ అక్కరలేదు. వర్షకాలపు మెరుపును, ఉరుమును తలచుకొన్న చాలును. మెరుపు తన దారిలోని గాలిని రెప్పపాటులో విపరీతముగా వేడెక్కించును. గాలి ఒక్కసారిగా వ్యాకోచించును. ఆ వ్యాకోచమే ఉరుమై మన చెవికి చేరును. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినబడుటకు పట్టిన కాలమును లెక్కించి, మూడు సెకండ్లకు ఇంచుమించు ఒక కిలోమీటరు చొప్పున దూరమును అంచనా వేయుట మన పెద్దలకును తెలిసిన విద్యయే.

కాంతిధ్వని చిత్రణమున జరుగునది సూక్ష్మమైన ఉరుము. లేజరు నుండి వెడలిన అతి స్వల్పకాలపు కాంతిస్పందము కండలోనికి పోవును. ఏ పదార్థము ఆ కాంతిని పీల్చుకొనునో ఆ పదార్థము మాత్రము రవ్వంత వేడెక్కి, వ్యాకోచించి, ఒక అతిధ్వని తరంగమును పుట్టించును. చర్మముపైనగాని, నాళములోనికి పంపిన సన్నని కాథెటరు కొననగాని అమర్చిన గ్రాహకము దానిని వినును. శరీర కణజాలములో ధ్వని సెకండునకు సుమారు 1,540 మీటర్ల వేగమున పయనించును. కావున ఒక మిల్లీమీటరు లోతు నుండి వచ్చు ధ్వనికి సుమారు 0.65 మైక్రోసెకండు పట్టును. ఆలస్యము లోతును తెలుపును. ధ్వని తీవ్రత పదార్థము యొక్క పరిమాణమును సూచించును.

ఎంత వేడెక్కును అని భయపడనక్కరలేదు. ఒక డిగ్రీలో వెయ్యవ వంతు ఉష్ణోగ్రత పెరిగినను మెత్తని కణజాలములో సుమారు 800 పాస్కళ్ల పీడనము పుట్టును. వాతావరణ పీడనముతో పోల్చిన అది నూటయిరువది వంతులలో ఒక వంతు కంటె కొంచెము తక్కువ. నేటి గ్రాహకములు దీనిని సులభముగా గుర్తింపగలవు.

కాంతితోనే చూడరాదా, మధ్య ధ్వని ఎందులకు అని ప్రశ్నింపవచ్చును. కణజాలము పాలవంటిది. అందు ప్రవేశించిన కాంతి ఒక మిల్లీమీటరు దాటునప్పటికే నలుదిక్కుల చెదరి, తాను ఎచ్చటి నుండి వచ్చినదో చెప్పలేని స్థితికి వచ్చును. ధ్వని అట్లు కాదు. కణజాలములో ధ్వని చెదరుట కాంతి చెదరుటకంటె వందల రెట్లు తక్కువ. కావున ఈ పద్ధతిలో పదార్థమును గుర్తించు పని కాంతిది. వార్తను మోసికొని వచ్చు పని ధ్వనిది. ఎవరి పని వారు చేయుటయే దీని బలము.

పుట్టెడి పీడనము మూడింటి గుణకార ఫలము. మొదటిది ఆ చోటికి చేరిన కాంతిశక్తి. రెండవది పదార్థపు శోషణ గుణకము. మూడవది గ్రూనైసెన్ గుణకము. వ్యాకోచ గుణకమును ధ్వనివేగపు వర్గముతో గుణించి, విశిష్టోష్ణముతో భాగించిన వచ్చునదే ఈ మూడవది. నీటికంటె కొవ్వు ఎక్కువగా వ్యాకోచించును, తక్కువ వేడితో వెచ్చబడును. అందుచే కొవ్వునకు ఈ గుణకము నీటికంటె పెద్దది. అనగా పీల్చుకొన్న శక్తి సమానమైనను కొవ్వే గట్టిగా పలుకును. ప్రకృతి ఈ విషయమున మనకు అనుకూలముగనే ఉన్నది.

రంగుమందు అక్కరలేని గుర్తింపు

సూక్ష్మదర్శినితో కణములను చూచువారు సాధారణముగా ఏదేని రంజకమును పూసి చూతురు. బ్రతికియున్న మనిషి గుండె నాళమునకు అట్లు రంగు పూయుట సులభము కాదు. ఆ రంజకము విషము కావచ్చును, చేరవలసిన చోటికి చేరకపోవచ్చును. కాబట్టి కొవ్వు తన గుర్తును తానే చెప్పవలెను. అట్టి గుర్తు దాని అణువులోనే కలదు.

కొవ్వు అణువు పొడవైన కార్బన్ గొలుసు. ఆ గొలుసునకు ఇరుప్రక్కల హైడ్రోజన్ పరమాణువులు వరుసగా అతుకుకొని ఉండును. ప్రతి కార్బన్–హైడ్రోజన్ బంధమును ఒక చిన్న స్ప్రింగు వంటిది. దానికొక సహజ పౌనఃపున్యము కలదు. ఆ పౌనఃపున్యమునకు సరిపడు కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 3,450 నానోమీటర్లు. అది పరారుణ ప్రాంతము. అయితే ఆ కాంతిని శరీరములోనికి పంపిన ప్రయోజనము లేదు. ఏలయన 3,000 నానోమీటర్ల ప్రాంతమున నీరు కాంతిని మిక్కిలి తీవ్రముగా పీల్చును. మన కణజాలములో ఎక్కువ భాగము నీరే.

ఇచ్చట సంగీతము తెలిసిన విద్యార్థులకు ఒక సంగతి స్ఫురింపవలెను. వీణతీగను మీటినప్పుడు మూలస్వరముతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు పౌనఃపున్యములు గల అతిస్వరములు కూడ సన్నగా పలుకును. అణుబంధమునకును అట్లే అతిస్వరములు గలవు. రెట్టింపు పౌనఃపున్యమనగా సగము తరంగదైర్ఘ్యము. అందుచే కార్బన్–హైడ్రోజన్ బంధపు మొదటి అతిస్వరము 1,720 నానోమీటర్ల వద్దను, రెండవది 1,210 వద్దను, మూడవది 930 వద్దను కనిపించును. 3,450ని మూడుతో భాగించిన 1,150 వచ్చును గదా, 1,210 ఎట్లయినది అని గణిత విద్యార్థి అడుగవచ్చును. అణుబంధము పరిపూర్ణమైన స్ప్రింగు కాదు. సాగినకొలది దాని బిగువు సడలును. అందువలన అతిస్వరములు లెక్కకంటె కొంత దిగువ పౌనఃపున్యమున, అనగా కొంత ఎక్కువ తరంగదైర్ఘ్యమున పడును.

అతిస్వరము మెట్టు పెరిగినకొలది దాని బలము తగ్గును. 1,720 వద్ద కొవ్వు శోషణము 1,210 వద్ద కంటె అనేక రెట్లు ఎక్కువ. 930 వద్ద మరింత తక్కువ. అట్లయిన అందరును 1,720నే ఎన్నుకొనవలెను గదా! కాని నీటిని మరువరాదు. నీటి శోషణమునకు 1,450 వద్ద ఒక శిఖరము, 1,940 వద్ద మరియొక శిఖరము గలవు. రెండు కొండల నడుమ లోయవలె 1,600 మొదలు 1,850 వరకు ఒక కిటికీ ఉన్నది. 1,720 ఆ కిటికీలో ఉన్నమాట నిజమే. అయినను ఆ లోయ కూడ 1,210 వద్దనున్న నీటి శోషణముకంటె ఎత్తైనదే. కావున దారిలో నీరు ఎక్కువైనచో 1,720 కాంతి త్వరగా తరిగిపోవును.

రక్తపు ఎరుపు మాట ఏమి? దృశ్యకాంతిని హిమోగ్లోబిన్ గట్టిగా పీల్చుకొనును. అందుచే ఆ కాంతితో రక్తమే పలుకును, కొవ్వు మూగయగును. 1,100 నానోమీటర్లు దాటిన తరువాత హిమోగ్లోబిన్ శోషణము బాగుగా తగ్గును. కొవ్వును వినదలచిన వారు పరారుణము వైపు నడచుటకు కారణమిదియే.

లేజరునకు మూడు పరీక్షలు

పై సంగతుల నుండి, ఈ పనికి తగిన లేజరు మూడు పరీక్షలలో నెగ్గవలెనని తేలుచున్నది.

మొదటి పరీక్ష తరంగదైర్ఘ్యము. ఇది పైన చెప్పబడినది.

రెండవ పరీక్ష స్పందపు కాలము, శక్తి. వేడెక్కిన రేణువు నుండి ధ్వని బయటికి పోవుటకు పట్టు కాలముకంటె స్పందము పొట్టిగా ఉండవలెను. లేనిచో స్పందము ముగియకముందే పీడనము జారిపోవును. 100 మైక్రోమీటర్ల రేణువును ధ్వని సుమారు 65 నానోసెకండ్లలో దాటును. 15 మైక్రోమీటర్ల రేణువును సుమారు 10 నానోసెకండ్లలో దాటును. కావున కొద్ది నానోసెకండ్ల స్పందములు అవసరము. అదేపనిగా వెలుగు లేజరు ఎంత బలమైనదైనను, దాని కాంతి ఏ మార్పును లేక పడుచున్నంతసేపు కణజాలమును వేడిచేయునే గాని పలికింపజాలదు. శక్తిని ఇష్టము వచ్చినట్లు పెంచుటకును వీలులేదు. చర్మమునకు హాని కలుగకుండుటకు ప్రతి స్పందమునకు చదరపు సెంటీమీటరునకు దృశ్యకాంతిలో 20 మిల్లీజౌళ్లు, 1,050 మొదలు 1,400 నానోమీటర్ల నడుమ 100 మిల్లీజౌళ్లు మించరాదని అమెరికా ప్రమాణములు నిర్ణయించినవి.

మూడవ పరీక్ష సెకండునకు ఎన్ని స్పందములు అనునది. నాళములో కాథెటరు గుండ్రముగా తిరుగుచు, ఒక్కొక్క స్పందమునకు ఒక్కొక్క గీతను చిత్రించును. ఒక అడ్డుకోత చిత్రమునకు 256 గీతలు కావలెననుకొందము. సెకండునకు 10 స్పందములిచ్చు లేజరుతో ఒక చిత్రమునకు 25 సెకండ్లకు పైగా పట్టును. ఈలోపల గుండె దాదాపు 30 సార్లు కొట్టుకొనును. నాళమెల్ల కదలిపోవును. సెకండునకు 2,000 స్పందములిచ్చు లేజరైనచో సెకండునకు ఏడెనిమిది చిత్రములు వచ్చును. 20 చిత్రములు కావలెనన్న 5,000 స్పందములకు పైగా కావలెను. కావున ప్రయోగశాల బల్లమీది నిశ్చలమైన కొవ్వుముక్కను చిత్రించిన లేజరు, కొట్టుకొనుచున్న గుండె వద్ద ఓడిపోవచ్చును.

ఎన్నుకొనదగిన జనకములు

లేజరు 1960 మే 16న అమెరికాలో థియోడర్ మేమన్ చేతిలో మొదటిసారి వెలిగినది. అది కెంపు స్ఫటికపు ఎర్రని వెలుగు. 1964లో నియోడిమియం కలిపిన యాగ్ స్ఫటికపు లేజరు వచ్చినది. దాని తరంగదైర్ఘ్యము 1,064 నానోమీటర్లు. ఇది దృఢమైనది, నమ్మదగినది. క్యూ-స్విచ్ అను ఏర్పాటు తోడైనప్పుడు నానోసెకండ్ల స్పందముల నిచ్చును. చెరువు తూమును మూసి నీటిమట్టమును పెంచి, ఒక్కసారిగా తలుపెత్తిన నీరు ఉరికినట్లు, స్ఫటికములో శక్తిని నిలువచేసి ఒక్క క్షణమున వదలుటయే క్యూ-స్విచ్ చేయు పని. రెండవ, మూడవ పరీక్షలలో ఈ లేజరు నెగ్గును. కాని 1,064 కొవ్వుస్వరము కాదు. కావున దీని కాంతిని 1,210 వైపునకో, 1,720 వైపునకో మార్చు ఉపాయము కావలెను. మార్గములు ముఖ్యముగా మూడు.

ఒకటి: పారామెట్రిక్ డోలకము. 1965లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు జోర్డమైన్, మిల్లర్ అను శాస్త్రజ్ఞులు దీనిని మొదట నడిపిరి. ప్రత్యేకమైన స్ఫటికములో ఒక ఫోటాను రెండు ఫోటానులుగా విడిపోవును. రెండింటి శక్తుల మొత్తము మొదటిదాని శక్తికి సమానము. 1,064 కాంతి నుండి 1,720 కాంతిని తీసిన, మిగిలిన వాటా 2,790 నానోమీటర్ల కాంతిగా బయటపడును. స్ఫటికమును కొంచెము త్రిప్పిన ఈ పంపకపు పాళ్లు మారును. అనగా కోరిన స్వరమును శ్రుతి చేసికొనవచ్చును. ఇది దీని గొప్ప సుగుణము. దోషము లేకపోలేదు. అద్దముల అమరిక సున్నితమైనది. చాలకాలము ఈ పరికరములు సెకండునకు 10 స్పందముల చొప్పుననే పనిచేసినవి. ఇటీవల పొటాసియం టైటానిల్ ఫాస్ఫేటు స్ఫటికముతో 1,700 ప్రాంతమున వేగముగా పనిచేయు డోలకములు నిర్మింపబడినవి. 2017లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు ఇట్టి వేగవంతమైన కాంతితో బ్రతికియున్న పంది రక్తనాళములో సెకండునకు 20 కొవ్వు చిత్రములను తీయగలిగిరి.

రెండు: రామన్ లేజరు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్, కె. యస్. కృష్ణన్ గార్లు గమనించిన ఫలితమే దీనికి మూలము. అణువును తాకిన కాంతి తన శక్తిలో కొంత అణుకంపనమునకు ఇచ్చి, తాను తరంగదైర్ఘ్యము పెంచుకొని బయటపడును. 1962లో లేజరు తీవ్రతతో ఈ ఫలితమును ఎన్నో రెట్లు బలపరుపవచ్చునని తెలిసినది. బేరియం నైట్రేటు స్ఫటికము ఇందుకు ప్రసిద్ధము. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా చేయవచ్చును. 1,064 నానోమీటర్ల తరంగములు ఒక సెంటీమీటరులో సుమారు 9,398 ఇముడును. బేరియం నైట్రేటు పుచ్చుకొను వాటా 1,047. తీసివేయగా మిగిలినవి 8,351. అనగా తరంగదైర్ఘ్యము 1,197 నానోమీటర్లు. ఇది 1,210 శిఖరమునకు ప్రక్కనే, కొవ్వు శోషించు ప్రాంతములోనే పడినది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లేజరును కొవ్వు చిత్రణమునకు 2013లో ఉపయోగించిరి. 2014లో సెకండునకు 2,000 స్పందములతో ధమనీ చిత్రణమునకు దీనిని వాడి చూపిరి. నిర్మాణము సరళము. కాని శ్రుతి మార్చుటకు వీలులేదు. ఇది ఒకే స్వరము తెలిసిన గాయకుని వంటిది.

ఈ ఫలితమునకును తెలుగునేలకును గల సంబంధమును మన విద్యార్థులు ఎరిగియుండుట మంచిది. రామన్ గారి బాల్యవిద్య విశాఖపట్టణమున సాగినది. ఆయన సన్నిధిని పరిశోధన చేసిన సూరి భగవంతము గారు 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండి, కాంతి పరిక్షేపణమును రామన్ ఫలితమును గూర్చి 1940లో ప్రామాణిక గ్రంథమును వెలువరించిరి. తరువాత హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా పనిచేసిరి. నేడు దూరదేశపు ప్రయోగశాలలో ఒక స్ఫటికము కాంతిస్వరమును మార్చుచున్న విధానము, మన నేలపై బోధింపబడిన శాస్త్రమే.

మూడు: తంతు లేజరులు. వెంట్రుకవంటి గాజు తీగలో యిటర్బియమునో థూలియమునో కలిపి చేసిన లేజరులివి. థూలియం తీగ 1,700 నానోమీటర్లకు పైనున్న ప్రాంతమున వెలుగగలదు. యిటర్బియం తీగ ఇచ్చు కాంతిని మరియొక గాజు తీగలో రామన్ ఫలితముచే మెట్టు మెట్టుగా దింపి 1,200 ప్రాంతమునకు తేవచ్చును. అద్దముల అమరిక చెదరునను భయము చాలవరకు లేదు. పరికరము చిన్నది, సెకండునకు వేలకొలది స్పందముల నిచ్చును. అయితే సన్నని తీగ తట్టుకొనగల శక్తి స్వల్పము. స్పందశక్తి మిల్లీజౌళ్లలో గాక సాధారణముగా మైక్రోజౌళ్లలో నుండును. కావున కాంతిని ఒక బిందువున కేంద్రీకరించు సూక్ష్మచిత్రణమునకు ఇవి తగును గాని, లోతైన చిత్రణమునకు చాలవు.

వీటన్నింటికంటె చౌకయైనవి అర్ధవాహక డయోడు లేజరులు. వీని స్పందములు బలహీనములు. దానిని పూరించుటకు ఒకే గీతను పలుమారులు విని సగటు తీయుదురు. 10,000 మారులు విన్నచో గోల నూరవ వంతునకు తగ్గును. కాని అందుకు కాలము పట్టును. ఇచ్చట డబ్బు మిగిలినను కాలము వ్యయమగును.

ఒక్క స్వరము చాలునా?

ఇప్పుడు మేము ముఖ్యమని తలచు సంగతికి వచ్చితిమి. ఈ శాస్త్రమును చదువువారు లేజరు ఎంత బలమైనది అని మొదట అడుగుదురు. అడుగవలసిన ప్రశ్న అది కాదు. ఈ లేజరుతో వినిన ధ్వని కొవ్వుదేనని ఎట్లు ఋజువగును అని అడుగవలెను.

1,197 వద్ద ఒక చోటు గట్టిగా పలికినది అనుకొందము. అచ్చట కొవ్వు ఉండవచ్చును. లేదా ఆ చోటికి కాంతియే ఎక్కువగా చేరియుండవచ్చును. పీడనము మూడింటి గుణకారమని చెప్పియుంటిమి గదా! ఒక్క ఫలము చేతనున్నప్పుడు అందలి మూడు భాగములను విడదీయుట సాధ్యము కాదు. కాబట్టి కొవ్వు శిఖరముపై ఒక తరంగదైర్ఘ్యముతోను, దానికి దాపునే కొవ్వు తక్కువగా పీల్చు మరియొక తరంగదైర్ఘ్యముతోను ఒకే చోటును రెండుమార్లు వినవలెను. రెండు తరంగదైర్ఘ్యములు దగ్గరివైనందున చేరు కాంతి ఇంచుమించు సమానము. రెండింటికిని భేదమున్నచో అది పదార్థము వలననే. 1,700 ప్రాంతమున దీని ఆవశ్యకత మరియు హెచ్చు. ఏలయన ధమని గోడలోని కొల్లాజెన్ అను మాంసకృత్తునకును కార్బన్–హైడ్రోజన్ బంధములు గలవు. దాని శిఖరము 1,700కు కొంచెము దిగువననే ఉన్నది. ప్రాణమును కాపాడు గట్టి పైపొర కొల్లాజెన్‌తో నిర్మితము. ప్రాణమును తీయు ముద్ద కొవ్వుతో నిర్మితము. ఈ రెండింటిని ఒకటిగా పొరబడిన చిత్రము వైద్యునికి మేలు చేయదు సరికదా, కీడు చేయును.

అందుచేత శ్రుతి మార్చగల డోలకము ఖరీదైనదైనను నిజమును నిర్ధారించుటకు తగినది. రామన్ లేజరు వేగమునకు, సరళతకు తగినది. ఒక స్పందమును 1,064 వద్దనే వదలి, తరువాతి స్పందమును స్ఫటికముచే మార్చి పంపినచో దానికిని రెండవ స్వరము లభించును. తంతు లేజరు సూక్ష్మమైన పనికి, డయోడు చౌకగా పనిచేయవలసిన చోటికి తగును. అన్నిటికిని మేలైన లేజరు ఒకటి లేదు. అవయవము, లోతు, కదలిక, ఖర్చు ఈ నాలుగును విచారించియే ఎన్నుకొనవలెను.

ఈ పద్ధతి ఇంకను సాధింపవలసినది చాల గలదు. ఇంతవరకు వెలువడిన ఫలితములలో పెక్కు శరీరమునుండి వేరుచేసిన మానవ ధమనులపైనను, జంతువులపైనను జరిపినవి. మరియొక పద్ధతి దీనికంటె ముందే ఆసుపత్రికి చేరినది. పరారుణ కాంతిని నాళపు గోడపై వేసి తిరిగివచ్చిన దానిని పరీక్షించి కొవ్వును గుర్తించు కాథెటరునకు 2008లోనే అమెరికాలో అనుమతి లభించినది. అది కొవ్వు ఉన్నదని చెప్పును గాని ఎంత లోతున ఉన్నదో తనంతట చెప్పదు. ఆ లోతును చెప్పుటయే కాంతిధ్వని పద్ధతి ప్రత్యేకత. ఒక మిల్లీమీటరు మందపు కాథెటరులో కాంతి తంతువు, అతిధ్వని గ్రాహకము రెండును ఇమిడి, వేగముగా తిరుగుచు, నమ్మదగిన రెండు స్వరములతో పలికించినప్పుడు గాని దాని వాగ్దానము నెరవేరదు. ధమనులతో పాటు కొవ్వుపట్టిన కాలేయమును, నరములపై గల మైలిన్ అను కొవ్వుపొరను చూచుటకును ఈ సూత్రము పనికివచ్చును.

విద్యార్థులకును, కళాశాల సంఘమునకును

ఈ వ్యాసమున వచ్చిన విషయములను మరల చూడుడు. బంధముల కంపనము రసాయనశాస్త్రము. ధ్వనివేగము భౌతికశాస్త్రము. కొవ్వు, కొల్లాజెన్ జీవశాస్త్రము. సగటు తీయుట గణితము. వేరువేరు గదులలో వేరువేరు గంటలలో మనము చెప్పు పాఠములు, ఒక రోగి గుండె వద్ద ఒకటిగా కలిసినవి. పరీక్ష కొరకు చదివిన అతిస్వరముల పాఠము ఒకరి ప్రాణమును నిలుపు పరికరమునకు ఆధారము కావచ్చును. ఇది గుర్తుంచుకొన్న విద్యార్థి ఏ పాఠమును తేలికగా చూడడు.

కళాశాల సంఘము వారికి మేము ఒక విన్నపము చేయుచున్నాము. లేజరులు కొనుట మన శక్తికి మించినది. కాని బెల్ చేసిన ప్రయోగమునకు కావలసినవి ఒక గాజు పరీక్షనాళిక, దీపపు మసి పూసిన చిన్న రేకు, చీలికలు కోసిన అట్టపళ్లెమును త్రిప్పుటకు ఒక చిన్న మోటారు, ఒక ప్రకాశవంతమైన దీపము, చెవికి చేర్చుటకు రబ్బరు గొట్టము మాత్రమే. రామన్ ఫలితమునకు గుర్తుగా 1987 నుండి ఫిబ్రవరి 28న దేశమంతట జాతీయ విజ్ఞాన దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు మన కళాశాలలో ఈ ప్రయోగమును ఏర్పాటు చేసి, తెలుగు విభాగపు విద్యార్థి ఒకడు తెలుగులోను, ఉర్దూ విభాగపు విద్యార్థిని ఒకతె ఉర్దూలోను వచ్చినవారికి వివరించిన ఎంత బాగుండును! వెలుతురునకు రౌష్నీ యన్నను, ధ్వనికి ఆవాజ్ అన్నను జరుగు పని ఒకటే. తన మాతృభాషలో ఇతరులకు చెప్పగలిగినప్పుడే విద్యార్థికి ఆ విషయము నిజముగా వచ్చినదని మా అనుభవము.

గొట్టమును చెవికి ఆనించి, మసి పలికిన సన్నని స్వరమును మొదటిసారి విన్న విద్యార్థి, అదే స్వరమును ఒక ధమని గోడలో వినుటకు ఎందరు ఎన్ని ఏండ్లు శ్రమించుచున్నారో ఊహింపగలడు. వారిలో చేరవలెనను కోరిక ఒక్కరికి కలిగినను ఆ ఏర్పాటునకైన ఖర్చు వృథా పోదు.